మిషనరీ శిక్షణలో ఉండగా, ఇంటికి దూరంగా క్రిస్మస్: ఒక సమగ్ర మార్గదర్శి

సువార్త సేవ కోసం శిక్షణకు వెళ్లిన ఏడాది వచ్చే క్రిస్మస్, చాలామందికి ఇంటి బయట గడిపే మొదటి క్రిస్మస్. మూడు నెలల తరగతులు, ఆ తర్వాత రెండు మూడు నెలల ఫీల్డ్ పని అనే పద్ధతి చాలా శిక్షణ కేంద్రాల్లో ఉంది. సెప్టెంబరులోనో అక్టోబరులోనో మొదలైన కోర్సయితే సరిగ్గా పండగ నాటికి తరగతులు ముగింపుకొస్తాయి. అప్పుడు మీరు హాస్టల్ గదిలో ఉండొచ్చు, సగం సర్దిన బ్యాగు ముందు కూర్చుని ఉండొచ్చు, లేదా భాష కూడా సరిగా రాని చోట ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్లింట్లో ఉండొచ్చు.

ఇలాంటప్పుడు అందరికీ వెంటనే తోచేది ఒకటే: ఇంట్లో ఎలా చేసుకుంటామో ఇక్కడా అలాగే చేసుకుందాం అని. అవే పాటలు, అదే వంట, అవే వేళలు. ఎంత తిప్పలు పడినా ఏదో ఒకటి తగ్గుతుంది, ఆ తగ్గినదాని మీదే మనసంతా ఉండిపోతుంది. నేను చెప్పేది వేరే దారి. ఈ ఒక్క ఏడాదీ క్రిస్మస్‌ని అతిథిగా జరుపుకోండి. ఉన్న చోటి వాళ్ల పద్ధతిలో కూర్చోండి, వాళ్లు పెట్టింది తినండి, వాళ్ల పాటలు నేర్చుకోండి. రేపు మిషనరీగా మీరు వెళ్లే చోట ఏళ్ల తరబడి చేయాల్సింది ఇదే. ఒకరింట్లో అతిథిగా ఉండటం రానివాళ్లు ఆ ఊళ్లో సువార్త చెప్పడం చాలా కష్టం.

కింద చెప్పేవి వరసగా, నవంబరు నుంచి జనవరి దాకా.

మొదటి అడుగు: నవంబరులోనే నియమాలు తెలుసుకోండి

సెలవు ఉందా లేదా, ఉంటే ఎన్ని రోజులు, ఊరు దాటి వెళ్లొచ్చా, పండగ రోజున ఫోన్ వాడకానికి వేళలున్నాయా, బయటి సంఘంలో ఆరాధనకు వెళ్లొచ్చా, ఎవరైనా భోజనానికి పిలిస్తే వెళ్లొచ్చా, వంటగది వాడుకోనిస్తారా. ఇవన్నీ సీనియర్లను అడిగితే ఎవరి సంవత్సరం సంగతి వాళ్లు చెబుతారు. నేరుగా డైరెక్టర్‌నో, మీ బాధ్యత చూసే టీమ్ లీడర్‌నో అడగండి. డిసెంబరు ఇరవై తారీఖున అడిగితే వాళ్లకీ ఇబ్బందే, మీకూ టెన్షనే.

వెళ్లే వీలుంటే వెళ్లాలా, ఉండిపోవాలా అన్నది చాలామందిని తొలిచే ప్రశ్న. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే, ఆ ఏడాదిలో ఇంట్లో ఒక మరణం జరిగి ఉంటే, సెలవు ఇస్తున్నారంటే వెళ్లండి. మనిషి పోయిన తర్వాత వచ్చే మొదటి పండగకు ఇంటిల్లిపాదీ ఒకచోట ఉండటం ముఖ్యం. దానికి సిగ్గుపడక్కర్లేదు, అది సేవ పట్ల నిర్లక్ష్యమూ కాదు. అలాంటి కారణమేమీ లేకపోతే ఉండిపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఇక్కడ లీడర్లున్నారు, తోటివాళ్లున్నారు, బాధ చెప్పుకోవడానికి మనుషులున్నారు. మొదటిసారి దూరంగా ఉండటం ఇలాంటి చోట నేర్చుకుంటే, తర్వాత ఒంటరిగా ఉండాల్సి వచ్చినప్పుడు ఆ అనుభవం నిలబెడుతుంది.

పండగ నాటికి ఔట్‌రీచ్‌లో, అంటే తరగతుల తర్వాతి ఫీల్డ్ పనిలో, ఉంటారని తెలిస్తే ఇంకో మాట కూడా అడగాలి: ఆ దేశంలో, ఆ ప్రాంతంలో బహిరంగంగా క్రిస్మస్ కార్యక్రమం చేయడానికి చట్టం ఒప్పుకుంటుందా? అక్కడి విశ్వాసులకు దానివల్ల ఏమైనా ఇబ్బంది ఉందా? మీరు కొన్ని వారాలుండి వెళ్లిపోతారు, వాళ్లు అక్కడే బతకాలి. ఫొటోలు, ఊరి పేరు, ఇంటి గుర్తులు ఎక్కడా పెట్టొద్దని చెబితే ఎందుకని వాదించకుండా పాటించండి.

రెండో అడుగు: ఇంట్లోవాళ్లకు ముందే, స్పష్టంగా చెప్పండి

“చూద్దాంలే అమ్మా, కుదిరితే వస్తా” అన్న మాట అన్నిటికన్నా చేటు చేస్తుంది. ఆ మాట పట్టుకుని ఇంట్లో డిసెంబరు ఇరవైమూడు దాకా ఎదురుచూస్తారు. రావడం లేదని తెలిసిన రోజే చెప్పేయండి. బాధపడతారు, కానీ ఆ బాధ పండగ లోపు కాస్త సర్దుకుంటుంది.

ఇంకో చిన్న పని చేయండి. ప్రతి ఏటా ఇంట్లో మీరు చేసే పని ఏదో ఒకటి ఉంటుంది: దీపాలు కట్టడమో, కుటుంబ ప్రార్థనలో వాక్యం చదవడమో, పెద్దవాళ్లను ఆరాధనకు తీసుకెళ్లడమో. ఆ పనిని పేరుపెట్టి ఒకరికి అప్పగించండి. “ఈసారి లూకా రెండో అధ్యాయం నువ్వు చదవాలిరా” అని తమ్ముడితో చెబితే, ఆ రోజు మీ ఖాళీ గురించి ఇంట్లో తలచుకునేది మరో రకంగా ఉంటుంది. వాడికీ ఒక బాధ్యత దొరుకుతుంది.

ఫోన్ సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే తేడా వచ్చేది ఎక్కువగా ఇక్కడే. చైనాకు వెళ్లిన ఆంగ్లేయ మిషనరీ హడ్సన్ టేలర్ 1853 సెప్టెంబరులో లివర్‌పూల్‌లో ఓడెక్కి, 1854 మార్చి 1న షాంఘైలో దిగాడు. అప్పుడతని వయసు 21. మధ్యలో వచ్చిన క్రిస్మస్ నడిసముద్రం మీదే గడిచింది. ఇంటి నుంచి ఒక ముక్క కబురు అందే మార్గం లేదు. ఈరోజు వీడియో కాల్‌లో ఇంటి వంటగది దాకా చూడొచ్చు, అది నిజంగా దేవుడిచ్చిన మేలు. కానీ రోజంతా స్క్రీన్‌లో ఇంట్లో ఉంటే, ఒంటితో ఉన్న చోట పండగ జరగదు. పక్క గదిలోవాళ్లు పిలిచినా వినపడదు.

అందుకని ఇరవైఐదున ఒక్క కాల్, ముందే వేళ అనుకుని చేయండి. సమయాల తేడా ముందే లెక్కచూసుకోండి, ఇంట్లోవాళ్లు ఆరాధన నుంచి తిరిగొచ్చి అందరూ ఒకచోట కూర్చునే వేళ ఎంచుకోండి. అరగంట చాలు. నా అనుభవంలో ఇరవైనాలుగు రాత్రి చేసిన కాల్స్ మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తాయి, ఎందుకంటే అది పెట్టేశాక మిగిలేది చీకటి గది, నిద్రపట్టని రాత్రి. పగలు చేస్తే ఆ వెంటనే వెళ్లి కూర్చోవడానికి మనుషులుంటారు. సిగ్నల్ సరిగా లేని చోటికి వెళ్తుంటే రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ ముందే రికార్డు చేసి ఇంట్లో ఒకరికి పంపి, పండగ పొద్దున వినిపించమనండి.

మీ ఇంట్లోవాళ్లు క్రైస్తవులు కాకపోతే, మీరు శిక్షణకు వెళ్లడమే వాళ్లకు నచ్చకపోతే, పండగ రోజున ఫోన్ చేసి ఆ గాయాన్ని కెలకాల్సిన పని లేదు. రెండు రోజుల ముందో తర్వాతో మామూలుగా ఫోన్ చేసి, వాళ్ల ఆరోగ్యం, వాళ్ల పనులు అడగండి. మీరు వాళ్లను వదిలేయలేదన్న సంగతి వాళ్లకు మాటలకన్నా ఆ ఫోన్‌లోనే ఎక్కువ అర్థమవుతుంది.

మూడో అడుగు: వాక్యంతో సిద్ధపడండి

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను చాలా సంఘాలు ఆగమన కాలంగా పాటిస్తాయి. మీ సంఘంలో ఆ అలవాటు లేకపోయినా, శిక్షణలో ఉన్నవాళ్లకు అది చాలా పనికొస్తుంది. తరగతులు, అసైన్‌మెంట్లు, ప్రాక్టికల్ పనుల మధ్య డిసెంబరు చేతివేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. లూకా సువార్తలో సరిగ్గా 24 అధ్యాయాలున్నాయి. డిసెంబరు ఒకటి నుంచి రోజుకొకటి చదివితే ఇరవైనాలుగుకి పూర్తవుతుంది. పుట్టుకతో మొదలుపెట్టి పునరుత్థానం దాకా చదివి పండగలోకి అడుగుపెట్టినవాళ్లకు పశువుల తొట్టి వేరేగా కనిపిస్తుంది.

ఇంట్లోవాళ్లను కూడా దీంట్లో కలుపుకోండి. జర్మనీలోని ఒక ప్రొటెస్టంట్ సంఘమైన మొరేవియన్ సంఘంవాళ్లు 1728లో ప్రతి రోజుకీ ఒక వాక్యం ఎంచుకుని ఇల్లిల్లూ తిరిగి చెప్పడం మొదలుపెట్టారు. 1731 నుంచి దాన్ని ఏటేటా పుస్తకంగా అచ్చువేస్తున్నారు. ఆ మరుసటి ఏడాది, 1732లో, వాళ్ల మొదటి మిషనరీలు కరీబియన్ దీవులకు బయల్దేరారు. ఊళ్లో ఉన్నవాళ్లు, సముద్రం అవతల ఉన్నవాళ్లు ఒకే రోజు ఒకే వాక్యం చదువుకునే వీలు దానివల్ల కలిగింది. మీరూ మీ ఇంటివాళ్లూ ఒక కాగితం మీద డిసెంబరు వాక్యాలు రాసుకుంటే సరిపోతుంది. ప్రతిరోజూ మాట్లాడుకోకపోయినా, అమ్మ ఈరోజు ఏ వచనం చదివిందో మీకు తెలుసు.

చదువుతున్నప్పుడు ఒక్క సంగతి గమనించమని నా కోరిక. ఈ కథలో దాదాపు ఎవరూ సొంత ఇంట్లో ఉండరు. మరియ ఎలీసబెతు ఇంట్లో ఇంచుమించు మూడు నెలలుంది. కడుపుతో ఉన్న ఆమెను తీసుకుని యోసేపు నజరేతు నుంచి బేత్లెహేముకు, వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం, ప్రభుత్వం జనసంఖ్య రాయించుకొమ్మంటే వెళ్లాడు. ఎవరి ఆజ్ఞ వల్లనో, తమకు అనుకూలం కాని సమయంలో ప్రయాణం. గొర్రెల కాపరులు రాత్రి డ్యూటీలో ఉన్నారు, పొలంలో, మంద దగ్గర. జ్ఞానులు తూర్పు నుంచి వచ్చిన పరదేశులు. ఆ తర్వాత అదే కుటుంబం హేరోదుకు భయపడి రాత్రికి రాత్రి ఐగుప్తుకు వెళ్లిపోయింది. బిడ్డను ఆలయానికి తెచ్చినప్పుడు వాళ్లు అర్పించింది గొర్రెపిల్లను కాదు, గువ్వలనో పావురపు పిల్లలనో. గొర్రెపిల్లను తెచ్చే స్తోమత లేనివాళ్లకు ధర్మశాస్త్రం చూపిన దారి అది. ఆలయంలో బిడ్డను చూసి సంతోషించిన సుమెయోను, అన్న అనే ప్రవక్త్రి ఇద్దరూ వాళ్లకు బంధువులు కారు. కన్నవాళ్లు, అత్తమామలు ఎవరూ ఆ లేఖన భాగంలో కనిపించరు. దేవుడు వాళ్లకు అపరిచితుల చేతుల్లో కుటుంబాన్ని ఇచ్చాడు.

ఇది రోజుకో ముక్కగా, ఒక్కొక్క మనిషి వైపు నుంచి చదవండి. ఒకరోజు యోసేపు వైపు నుంచి, ఒకరోజు అన్న వైపు నుంచి. నోట్‌బుక్‌లో నాలుగు వాక్యాలు రాసుకోండి. వచ్చే ఏళ్లలో మీరు చెప్పబోయే క్రిస్మస్ సందేశాలకు అసలు సరుకు అదే.

నాలుగో అడుగు: బెంగ ఎప్పుడొస్తుందో తెలుసుకుని ఉండండి

ఇంటి మీద బెంగ పెట్టుకోవడం విశ్వాసం తక్కువవడం కాదు. ఎవరైనా అలా అంటే వినకండి. ప్రేమించిన మనుషులున్నారు కాబట్టే బెంగ.

అది వచ్చే వేళలు మాత్రం చాలామంది అనుకున్న వేళలు కావు. ఇరవైఐదు పొద్దున సాధారణంగా బాగానే ఉంటుంది. ఆరాధన, పాటలు, హడావుడి. కష్టమైన సమయం ఆ మధ్యాహ్నం: భోజనాలై, అందరూ ఎవరి గదుల్లోకి వాళ్లు వెళ్లి, ఫోన్ తెరిస్తే ఊళ్లోవాళ్ల ఫొటోలు వరసగా వస్తున్నప్పుడు. రెండో కష్టమైన సమయం ఇరవైఆరు. అప్పటికి ఒంట్లో అలసట, పండగ అయిపోయిందన్న దిగులు. ఈ రెండు సమయాలకూ ముందే ఏదో ఒకటి పెట్టుకోండి. మధ్యాహ్నం ఇద్దరు ముగ్గురు కలిసి దూరంగా నడిచి రావడం నేనెరిగిన అన్ని ఉపాయాల్లోనూ మంచిది. ఫోన్ గదిలో పెట్టి వెళ్లండి. ఏడుపొస్తే ఏడవండి. కీర్తనల్లో ఏడ్చినవాళ్లు తక్కువేం కాదు.

పక్కవాళ్ల సంగతి కూడా చూడండి. బాగా నవ్విస్తూ, అందరికీ పనులు చేసిపెడుతూ తిరిగేవాళ్లలో కొందరు లోపల బాగా నలిగిపోతుంటారు. “ఎలా ఉన్నావ్” అంటే “బాగున్నా” అంటారు. “ఇంట్లో ఈపాటికి ఏం చేస్తుంటారు?” అని అడిగితే మాట వస్తుంది.

రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, పొద్దున లేవబుద్ధి కాకపోవడం, ప్రార్థన మీద, మనుషుల మీద ఏ ఆసక్తీ లేకపోవడం ఉంటే దాన్ని బెంగ అని సరిపెట్టుకోవద్దు. లీడర్‌కు చెప్పండి, డాక్టర్‌ను కలవండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగకండి, ఆ రోజే, ఆ గంటే ఒకరికి చెప్పండి. ప్రార్థన, వైద్యం ఒకదానికొకటి అడ్డు రావు.

ఐదో అడుగు: తోటివాళ్లతో కలిసి పండగను అనుకోండి

శిక్షణ కేంద్రంలో పదిమంది ఉంటే పది సంఘ సంప్రదాయాలుంటాయి. ఇది మొదటే మాట్లాడుకోకపోతే పండగ ముందురోజు మాటా మాటా పెరుగుతుంది. డిసెంబరు ఇరవైఐదున క్రిస్మస్ చేసినట్టు దొరికే అతి పాత ఆధారం రోము నుంచి, 336వ సంవత్సరానిది. పాత జూలియన్ పంచాంగం పాటించే ఆర్థడాక్స్ సంఘాలకు క్రిస్మస్ ఇప్పటి లెక్కలో జనవరి 7న వస్తుంది, రెండు పంచాంగాల మధ్య 13 రోజుల తేడా ఉంది కాబట్టి. ఆర్మేనియన్ సంఘం జనవరి 6న చేసుకుంటుంది. అసలు చేసుకోకూడదన్న భక్తులూ ఉన్నారు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ప్యూరిటన్లు అనే కఠిన నియమాల ప్రొటెస్టంట్లు 1659 నుంచి 1681 దాకా క్రిస్మస్ పాటించేవాళ్లకు ఐదు షిల్లింగుల జరిమానా వేశారు. వాళ్లంతా బైబిలును ప్రాణంగా ప్రేమించినవాళ్లే. కాబట్టి మీ గదిలో ఒకరు “మా సంఘంలో చెట్టు పెట్టరు” అంటే అదేదో కొత్త వింత కాదు. చెట్టు పెట్టాలనుకున్నవాళ్లు ఒక మూల పెట్టుకోవచ్చు, వద్దనేవాళ్లను దాని ముందు నిలబెట్టి ఫొటో తీయక్కర్లేదు.

ఇంకో సున్నితమైన విషయం. “ఒక్కొక్కరూ మీ చిన్నప్పటి క్రిస్మస్ జ్ఞాపకం చెప్పండి” అనే కార్యక్రమం దాదాపు ప్రతి చోటా పెడతారు. వేరే మతం నుంచి వచ్చినవాళ్లకు చిన్నప్పటి క్రిస్మస్ ఉండదు. కొందరికి ఉన్న జ్ఞాపకం, విశ్వాసంలోకి వచ్చిన ఏడాది ఇంట్లోంచి వెళ్లగొట్టడం. అనాథాశ్రమంలో పెరిగినవాళ్లుంటారు. దాని బదులు “క్రీస్తు పుట్టాడన్న సంగతి మీకు మొదట ఎవరు చెప్పారు?” అని అడగండి. దానికి అందరి దగ్గరా జవాబుంటుంది. చాలాసార్లు ఆ జవాబులే ఆ రాత్రికి సందేశం అవుతాయి.

ఆరాధనలో నేను గట్టిగా చెప్పే పని, లూకా 2:1–20ని అందరి మాతృభాషల్లో చదవడం. ఇరవై వచనాలు. మనిషికి రెండో మూడో వచనాలొస్తాయి. ముందురోజే పంచుకోండి, ఎవరి భాషలో వాళ్లు నాలుగుసార్లు బిగ్గరగా చదువుకుని రండి. చదివే ముందు ఎవరూ అనువాదం చెప్పొద్దు, తెర మీద ఏమీ ప్రదర్శించొద్దు. అందరికీ కథ తెలుసు. మధ్యలో మరియ, యోసేపు, బేత్లెహేము అన్న పేర్లు మాత్రం ఏ భాషలో చదివినా కాస్త అటూ ఇటూగా పోల్చుకోగలిగేలా వినిపిస్తాయి. ఇంటి భాషలో దేవుని వాక్యాన్ని పెద్దగా చదివి చాలా వారాలై ఉంటుంది కదా, కొందరికి ఏడో వచనం దగ్గరకొచ్చేసరికి గొంతు పూడుకుపోతుంది. ఆగనివ్వండి, తొందరపెట్టకండి. అయిపోయాక కొంచెంసేపు మౌనం, తర్వాత ఒక పాట.

భోజనానికి మొరేవియన్ల ప్రేమవిందు మంచి నమూనా. చాలా సాదా తిండి, అందరికీ ఒకేలా, మధ్యమధ్య పాటలు. అది ప్రభురాత్రి భోజనం కాదు కాబట్టి ఏ సంఘంవాళ్లయినా సంకోచం లేకుండా కూర్చోవచ్చు. ఒక్కొక్కరు ఇంటి వంట ఒకటి వండితే బాగుంటుంది, కానీ పోటీ పెట్టొద్దు.

బహుమతుల విషయంలో డబ్బు దగ్గర జాగ్రత్త. అందరూ కానుకల మీద ఆధారపడి వచ్చినవాళ్లే, కానీ అందరికీ అందే కానుక ఒకలాంటిది కాదు. ఒకరికి నెలకు సరిపడా వస్తుంది, ఇంకొకరు సబ్బు కొనడానికి ఆలోచిస్తారు. పేర్లు చీటీల మీద రాసి తీసుకోవడం, డబ్బు పెట్టకూడదని నియమం పెట్టుకోవడం మేలు. చేత్తో రాసిన ఉత్తరం, ఒక వారం గిన్నెలు కడిగిపెడతానన్న మాట, ఈ మూడు నెలల్లో మీలో నేను చూసిన మంచి ఇది అని రాసిన ఒక పేజీ. ఆ పేజీని ఏళ్ల తర్వాత కూడా బైబిల్లో పెట్టుకుని తిరిగేవాళ్లను నేనెరుగుదును.

ఆరో అడుగు: ఆ రోజు ఎవరికి సేవ చేస్తారో ఆలోచించి ఎంచుకోండి

శిక్షణలో ఉన్నాం కదా, పండగ రోజు సేవ చేయాలని ఉత్సాహం ఉంటుంది. మంచిదే. కానీ డిసెంబరులో పిల్లల ఆశ్రమాలకూ వృద్ధాశ్రమాలకూ వచ్చేవాళ్ల తాకిడి ఎక్కువ. పిల్లలు ఒకే రోజు నాలుగు బృందాల ముందు అవే పాటలు పాడతారు. జనవరి చివరకు ఎవరూ ఉండరు. కాబట్టి వెళ్లే ముందు ఫోన్ చేసి “మేం రావడం మీకు పనికొస్తుందా, వేరే నెలలో వస్తే మంచిదా?” అని అడగండి. ఫిబ్రవరిలో రమ్మంటే ఫిబ్రవరిలో వెళ్లండి.

పిల్లల, రోగుల, ఖైదీల ఫొటోలు తీయొద్దు. అనుమతిచ్చినా వాళ్ల ముఖాలు, మీకు కానుకలిచ్చి మీకోసం ప్రార్థించేవాళ్లకు మీరు పంపే ప్రార్థన లేఖలోకి రాకూడదు. బహుమతి ఇచ్చేటప్పుడు సువార్త వినడం షరతుగా పెట్టొద్దు. ఇచ్చేది ఇచ్చేయండి, అడిగినవాళ్లకు చెప్పండి.

స్థానిక సంఘం ఉన్న చోట దాని పాస్టరుగారిని అడిగి, ఆయన ఇచ్చిన పనే చేయండి. కుర్చీలు వేయడం, పార్కింగ్ దగ్గర నిలబడటం, ఆరాధన తర్వాత ఊడ్వడం. వేదిక ఎక్కి సాక్ష్యం చెప్పమంటే ఐదు నిమిషాల్లో ముగించండి. ఆ సంఘంలో ఏడాదంతా పాటలు నేర్పిన అక్కలుంటారు, వాళ్ల కార్యక్రమం వాళ్లదిగానే ఉండాలి.

పిల్లలతో ఏదైనా చేయమని మీకే అప్పగిస్తే 1747 నాటి ఒక పద్ధతి ఉంది. ఆ డిసెంబరు 20న జర్మనీలోని మరియన్‌బోర్న్‌లో యోహానెస్ డి వాటెవిల్ అనే మొరేవియన్ బిషప్పు, పిల్లల ఆరాధన చివర ప్రతి పిల్లకూ పిల్లాడికీ ఎర్ర రిబ్బను చుట్టిన వెలిగించిన కొవ్వొత్తి ఇచ్చాడు. ఎర్ర రిబ్బను క్రీస్తు రక్తానికి, వెలుగు ఆయన రగిలించే ప్రేమకు గుర్తు. ఖర్చు తక్కువ, భాష పెద్దగా రాకపోయినా చేయొచ్చు. చిన్నపిల్లలకు మాత్రం పక్కన పెద్దవాళ్లు నిలబడాలి, జుట్టు విరబోసుకున్న పిల్లలుంటే వెనక్కి ముడివేయండి, ఒక బకెట్టు నీళ్లు దగ్గర పెట్టుకోండి.

ఏడో అడుగు: ప్రార్థన లేఖ

డిసెంబరు పదిలోపు పంపేయండి. ఒక పేజీ చాలు. ఏం నేర్చుకున్నారు, ఎవరి కోసం ప్రార్థించాలి, ధన్యవాదాలు. ఇంటి మీద బెంగగా ఉందని ఒక వాక్యం రాయడంలో తప్పులేదు, మీకోసం నిజంగా ప్రార్థించేవాళ్లకు అది తెలియాలి. ఈ ఒక్క లేఖలో డబ్బు అడగొద్దని నా మాట. పంపినవాళ్లకు కృతజ్ఞత చెప్పే లేఖ చివర అవసరాల పట్టిక ఉంటే, ఆ కృతజ్ఞత రుచి తప్పుతుంది.

మీ సొంత సంఘం పాస్టరుగారికి విడిగా ఫోన్ చేయండి. ఇరవైఐదు ఆయనకు క్షణం తీరని రోజు, కాబట్టి ముందే.

ఎనిమిదో అడుగు: ఇరవైనాలుగు, ఇరవైఐదు

ఇరవైనాలుగు సాయంత్రం మీ ఆరాధన, భోజనం పెట్టుకోండి. 1741లో అదే సాయంత్రం పెన్సిల్వేనియా అడవిలో కొద్దిమంది మొరేవియన్లు ఒక దుంగల ఇంట్లో కూడుకున్నారు. ఐరోపాలోని ఇళ్లు వదిలి సువార్త పనికి వచ్చినవాళ్లు. అదే కప్పు కింద ఒక పక్క మనుషులు, ఒక పక్క పశువులు. వాళ్ల నాయకుడు జింజెన్‌డార్ఫ్ పాట పాడుతూ అందరినీ పశువుల వైపుకు తీసుకెళ్లాడు. అప్పటిదాకా పేరు లేని ఆ ఊరికి ఆ రాత్రే బేత్లెహేము అని పేరు పెట్టారు. ఇప్పటికీ అదే పేరు. సరిగా లేని ఇంట్లో, ఉన్న సాధనాలతో చేసుకున్న పండగ ఎంత నిండుగా ఉంటుందో ఆ ఒక్క సంగతి చాలు చెప్పడానికి. మీ హాస్టల్ హాల్లో అలంకరణ తక్కువైందని బాధపడకండి.

రాత్రి తొందరగా పడుకోండి, అర్ధరాత్రి ఆరాధన ఉంటే అది అయిన వెంటనే.

ఇరవైఐదు పొద్దున స్థానిక సంఘంలో ఆరాధన. వెనక వరుసలో కాకుండా ఏదైనా కుటుంబం పక్కన కూర్చోండి. భాష రాకపోతే పాటల రాగం పట్టుకోండి. ఎవరైనా భోజనానికి రమ్మంటే మొహమాటపడకుండా వెళ్లండి. ఇక్కడ అతిథిగా ఉండటమంటే ఏమిటో తెలుస్తుంది: వాళ్లు వడ్డించింది తినడం, రెండోసారి అడిగినప్పుడు తీసుకోవడం, వాళ్ల పెద్దావిడ చెప్పే పాత సంగతులు పూర్తయ్యేదాకా వినడం, మీ ఊళ్లో ఎలా చేస్తారో అడిగితేనే చెప్పడం. వెళ్లేటప్పుడు చేతిలో చిన్నదేదైనా తీసుకెళ్లండి. గిన్నెలు తీయడానికి లేవండి, వద్దంటే కూర్చోండి.

ఆ తర్వాత నడక, అనుకున్న వేళకు ఇంటికి ఫోన్, సాయంత్రం మళ్లీ అందరూ ఒకచోట. రాత్రి గదిలోకి ఒంటరిగా వెళ్లేవాళ్లను ఒకసారి పలకరించి పడుకోండి.

మీరు ఒక్కరే ఉంటే

కొన్ని శిక్షణల్లో ఒక్కొక్కరినీ ఒక్కో ఊళ్లో వదులుతారు. తెలుగు మాట వినపడదు, సంఘం కూడా ఉండకపోవచ్చు. అలాంటప్పుడు ముందే ఒక తోటి శిక్షణార్థితో మాట అనుకుని, ఒకే వేళకు ఒకే భాగం చదివి, ఫోన్‌లో ఐదు నిమిషాలు కలిసి ప్రార్థించండి. కొత్త బట్టలు వేసుకోండి, శుభ్రంగా వండుకుని కూర్చుని తినండి. పక్కింటివాళ్లకు కొంచెం పంపండి, వాళ్లెవరైనా సరే.

అమెరికా మిషనరీ లాటీ మూన్ 1873 నుంచి చైనాలో పనిచేసింది, చాలాకాలం తోటి మిషనరీ లేకుండానే. 1887లో ఆమె అమెరికాలోని సంఘాలకు రాస్తూ, క్రిస్మస్ ముందు వారాన్ని విదేశ మిషన్ కానుకలకు కేటాయించమని అడిగింది. మరుసటి ఏడాది స్త్రీలు కూడబెట్టిన కానుక 3,300 డాలర్లు దాటింది, దానితో ముగ్గురిని పంపగలిగారు. ఆమె 1912 డిసెంబరు 24న జపాన్‌లోని కోబె రేవులో, ఇంటికి వెళ్లే ఓడలో, 72వ ఏట కన్నుమూసింది. ఆమె జీవితాన్ని ఒంటరిగా ఉండటమే గొప్ప అని చెప్పడానికి వాడకూడదు. మనిషి తోడు కావాలని ఆమె అడిగింది. ఒంటరితనం భరించలేనిదిగా ఉంటే మీరూ అడగండి. పంపినవాళ్ల బాధ్యత అది.

తొమ్మిదో అడుగు: ఇరవైఆరు నుంచి జనవరి దాకా

పాత సంఘ క్యాలెండరులో క్రిస్మస్ ఒక్కరోజు పండగ కాదు, జనవరి 5 దాకా పన్నెండు రోజులు. ఆ రోజులు మీకు కలిసొస్తాయి. భోజనానికి పిలిచిన ఇంటికి చేత్తో రాసిన కృతజ్ఞత పంపండి. జనవరి 7న పండగ చేసుకునే తోటివాళ్లుంటే వాళ్లకు ఆ రోజు గుర్తుపెట్టుకుని శుభాకాంక్షలు చెప్పండి, వాళ్ల తరఫున కుర్చీలు మీరు వేయండి. ఇంటి నుంచి ఆలస్యంగా వచ్చే పార్శిళ్లు కూడా అప్పుడే అందుతాయి.

నోట్‌బుక్‌లో మూడు సంగతులు రాసి పెట్టుకోండి: నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించింది ఏ వేళ, ఎవరు నన్ను కుటుంబంలా చూశారు, ఈ చోటివాళ్ల ఆరాధనలో నేను మా ఇంటికి తీసుకెళ్లాలనుకునేది ఏది. ఫీల్డ్‌కు వెళ్లే ముందు లీడర్‌తో జరిగే మాటల్లో వాటిని చెప్పండి, మీరు ఎలాంటి చోట నిలబడగలరో అంచనా వేయడానికి వాళ్లకు అవి పనికొస్తాయి.

తర్వాత బ్యాచ్ కోసం కూడా ఒక ఫైల్ వదిలి వెళ్లండి. దగ్గర్లో ఏ సంఘంలో ఏ వేళకు ఆరాధన, ఏ ఆశ్రమంవాళ్లు ఫిబ్రవరిలో రమ్మన్నారు, వంటగది తాళాలు ఎవరి దగ్గరుంటాయి, ఇరవైఐదు మధ్యాహ్నం నడవడానికి ఏ దారి బాగుంటుంది.